కమాన్ కూసున్నది

బండ్ల కార్ఖానాల్లో కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని తెలిసినవాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. నేను రాయగలిగింది కమాన్ల గురించే. బస్సు కింద, లారీ కింద విల్లులా వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు ఆకుల కట్టను మేం కమాన్ అంటాం. నా ఉద్యోగమంతా దాని కిందనే గడిచింది. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీ ఎప్పుడు దక్కింది అనేవి రాయను. వాటితో మీకు పని లేదు, నాకూ ఇప్పుడు లేదు.

నేను కోపిష్టినని నా కింద పనిచేసినవాళ్ళు చెప్పుకుంటారు. నిజమే. కానీ ఆ కోపం ఒక్క చోటే వచ్చేది, ఎవరైనా నాకు సగం మాట చెప్పి పోబోయినప్పుడు. “ఏది కూసున్నది? ఎట్ల కూసున్నది? నిండ మాట చెప్పు” అని మీద పడేవాణ్ణి. వెనక నవ్వుకునేవాళ్ళు. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చెబుతాను.

వేడినీళ్ళలో లేచిన స్ప్రింగు

నల్లగొండలో మా పక్క వాటాలో పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే అమ్మాయి ఉంటుంది. పేరు సుజాత. నన్ను తాతా అని పిలుస్తుంది. ఒక ఆదివారం ఆమె తన ప్రయోగశాల నుంచి వేలెడంత స్ప్రింగు తెచ్చి నా అరచేతిలో పెట్టి నొక్కమంది. రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా అణిగింది. వేళ్ళు తీశాక లేవలేదు.

“ఇది కూసున్నది బిడ్డా. ఇగ దేనికి పనికి రాదు,” అన్నాను. మా భాషలో కూసున్నది అంటే అణిగిపోయింది, మళ్ళీ లేవదు అని.

ఆమె నవ్వి దాన్ని గ్లాసెడు వేడినీళ్ళలో వేసింది. స్ప్రింగు నా కళ్ళ ముందే సాగి లేచి పాత ఎత్తుకు వచ్చింది. నమ్మలేక మళ్ళీ నొక్కాను, మళ్ళీ నీళ్ళలో వేయించాను. మళ్ళీ లేచింది.

అది నికెల్, టైటానియం కలిపి చేసిన లోహమట. ఆమె నాకు అర్థమయ్యేట్టు ఓపికగా చెప్పింది. మన ఉక్కును హద్దు దాటి నొక్కితే లోపలి అమరిక జారిపోతుంది, జారింది వెనక్కి రాదు. ఈ లోహంలో అమరిక జారదు, ఒక పక్కకు ఒరుగుతుంది అంతే. వేడి తగలగానే ఒరిగినదంతా లేచి తన పాత చోటికి వస్తుంది. మీద బరువుంటే ఆ బరువును కూడా ఎత్తుకుని లేస్తుందట. ఇలాంటిదే ఇంకో రకానికి వేడినీళ్ళు కూడా అక్కర్లేదట, చెయ్యి తీస్తే చాలు తిరిగి లేస్తుందట.

ఎన్నిసార్లు నొక్కినా ఇలాగే లేస్తుందా అని అడిగాను. “లేస్తది తాతా, కని ప్రతిసారి జరంత అణుగుడు లోపల మిగుల్తది. మరీ హద్దు దాటి నొక్కితే ఎంత కాల్చినా రాదు,” అంది. ఆ మాట విన్నాక నాకెందుకో మనసు కుదుటపడింది. దానికీ హద్దు ఉంది.

ఆమె వెళ్ళిపోయాక ఆ స్ప్రింగును చేతిలో పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. ఇది చూపించవలసిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు జహంగీర్. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన లేడు కదా అని ఆ పూట ఏడ్చాను. ఈ వయసులో ఏడుపు దాచుకోవడం నాకు చేతకావడం లేదు.

ఇనుముకు సబర్

నేను ఉస్తాద్ దగ్గర చేరింది నిజాం రోజుల్లో, నల్లగొండ ఊరి చివర బస్సుల కార్ఖానాలో. మా బాపు తిరుమలగిరి పక్క పల్లెలో దొరల పొలాల్లో కూలి. చర్చి బడిలో నాకు నాలుగు అక్షరాలు చెప్పించి, పాస్టరుగారి చేత ఒక సిఫారసు మాట చెప్పించి ఇక్కడ వదిలి వెళ్ళాడు. మా ఇళ్ళల్లో అంతకుముందు కొలిమి ముందు నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు. కార్ఖానాలో నీళ్ళ కుండ దగ్గర నాకు వేరే ముంత పెట్టారు. ఉస్తాద్ మొదటి రోజే అది చూశాడు. తన కప్పులో చాయ్ పోసి నా చేతికిచ్చి, నేను తాగాక అదే కప్పులో తాను పోసుకుని తాగాడు. ఆ ముంతను నేను మళ్ళీ ముట్టలేదు.

ఇక పని సంగతి. కమాన్ చేయాల్సింది ఒకటే. బరువు పడితే వంగాలి, బరువు తీస్తే లేవాలి. మన వైపు కంకర రోడ్ల మీద రోజంతా వంగుతూ లేస్తూ కొంతకాలానికి కట్ట చదునైపోతుంది, బరువు దించినా లేవదు. అదే మా కమాన్ షెడ్డులో ‘కూసున్నది’. అలా కూర్చున్న కట్టను విప్పి, ఒక్కో ఆకును కొలిమిలో ఎర్రగా కాల్చి, దెబ్బలతో పాత వంపు తెప్పించి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నటి సెగ మీద పదును కొంచెం దించాలి. పదును ఎక్కువైతే ఆకు పగులుతుంది, తక్కువైతే త్వరలోనే మళ్ళీ కూర్చుంటుంది. సెగ సరిపోయిందా అని ఉస్తాద్ ఎండు పుల్లతో ఆకు మీద గీసి చూసేవాడు. పుల్ల నల్లబడి ఊరుకుంటే చాలలేదని, మొనన నిప్పు మెరిస్తే చాలునని.

చాలామంది మిస్త్రీలు అంతటితో కట్టను బండికి ఎక్కించేసేవారు. ఉస్తాద్ ఒప్పుకునేవాడు కాదు. షెడ్డు మూల శికంజా ఉండేది, పైనుంచి మర తిప్పి నొక్కే పెద్ద ఇనుప చట్రం. కొత్తగా వంపు తీసిన కట్టను అందులో పెట్టి పూర్తిగా చదునయ్యేదాకా బిగించి వదిలేవాడు. మొదటిసారి వదిలినప్పుడు కట్ట ఎత్తు కొంచెం తగ్గుతుంది. మళ్ళీ బిగించి వదిలితే ఇంకాస్త తగ్గుతుంది. అలా చేయగా చేయగా తగ్గడం ఆగిపోయి, ఎంత నొక్కినా అదే ఎత్తుకు లేచి నిలబడుతుంది. అప్పుడు గానీ దాన్ని బండి కిందికి పోనిచ్చేవాడు కాదు.

నాకు మొదట్లో అది దండగమారి పనిగా తోచింది. కష్టపడి తీసిన వంపును మనమే నొక్కి తగ్గించడమేమిటని అడిగాను.

“ఇనుముకు సబర్ నేర్పాలె దేవదానం,” అన్నాడు. “కూసునేదేదో ఈడనే కూసోని. తొవ్వల కూసోవద్దు.”

తొవ్వ అంటే దారి, సబర్ అంటే ఓర్పు. ఆ మాట ఆయన రోజుకు ఎన్నిసార్లు అనేవాడో. రెండుసార్లు కొలిమి చూసిన ఆకును మాత్రం మూడోసారి కాల్చేవాడు కాదు. ప్రతిసారీ నిప్పులో ఉక్కు పైపొర సత్తువ పోగొట్టుకుంటుంది, పైకి కనబడదు. అలాంటి ఆకుల్ని పక్కన పడేయించేవాడు. ఊరి కమ్మరులు వచ్చి కొడవళ్ళకు, గొడ్డళ్ళకు తీసుకుపోయేవాళ్ళు.

ఉస్తాద్‌కు ఒక తమ్ముడు, యూసుఫ్. తల్లి పోయినప్పుడు పసివాడట. అన్నావదినలే పెంచారు. మా షెడ్డులోనే తిత్తి లాగుతూ పెరిగి, తర్వాత డ్రైవరయ్యాడు. నాకంటే కాస్త చిన్నవాడు. నోరు ఊరుకునేది కాదు. “అన్నా, ఇనుముకు సబర్ నేర్పుతవు గని నాకెందుకు నేర్పలే?” అని ఉస్తాద్‌ను ఆటపట్టించేవాడు. ఉస్తాద్ పట్టకారు ఎత్తి, నిన్ను శికంజాలో పెడతా రా అని బెదిరించేవాడు. మాకందరికీ అది రోజూ చాయ్ వేళ తమాషా.

రెండు షెడ్లు

కార్ఖానాలో మా షెడ్డు ఒక పక్క, ఇంజన్ల షెడ్డు ఇంకో పక్క. మధ్యలో వాకిలి. ఇంజన్లవాళ్ళది సన్నపు పని. వాళ్ళు ఒక ముక్కలో ఇంకో ముక్కను వెంట్రుక వాసి తేడా లేకుండా అమర్చాలి. బేరింగు తన గూట్లో సరిగ్గా అమరితే వాళ్ళు అనేమాట కూడా ‘కూసున్నది’. వాళ్ళ షెడ్డులో ఆ మాట వినబడితే పని బాగా కుదిరిందని, బండి పోవచ్చని. మా షెడ్డులో వినబడితే బండి ఆపమని. ఒకే వాకిలికి అటూ ఇటూ ఒకే మాట ఇలా రెండు దారుల్లో నడిచేది. అదొక విషయమని మాలో ఎవరికీ తట్టలేదు. పొద్దున లేస్తే అనుకునే మాటను ఆగి చూసేదెవరు?

దానివల్ల ఇబ్బంది కూడా రాలేదు. ఎందుకంటే పొద్దున్నే బస్సుల్ని ఒకసారి చూసి బయటికి వదిలే మనిషి మొదటి నుంచి మా షెడ్డువాడే. ఉస్తాద్ ‘కూసున్నది’ అంటే ఆయన బండిని గోడవారకు తోయించేవాడు. బస్సులు వదిలే ఆ మనిషికి చలిజ్వరం పట్టుకుని ఎంతకీ విడవక ఊరికి వెళ్ళిపోయాడు. ఆ చోట్లోకి పెద్ద సాబ్ ఇంజన్ల షెడ్డు నుంచి నర్సింగం అనే ఫిట్టరును తెచ్చాడు.

పెద్ద సాబ్ అంటే కార్ఖానా అధికారి, హైదరాబాదు నుంచి వచ్చినవాడు. నేను తర్వాత చూసిన చాలామంది అధికార్ల కంటే నయం. లంచం ముట్టడు, నోరు పారేసుకోడు. కానీ నిలబడి ఉన్న బస్సు ఆయనకు కంట్లో నలుసు. తిరిగే బస్సే బస్సు అనుకునేవాడు. పని తెలిసినవాడు ఎక్కడైనా పనిచేస్తాడని కూడా నమ్మేవాడు. నర్సింగం నిజంగానే మంచి ఫిట్టరు, నిదానస్తుడు, ఎవరితోనూ పేచీ లేనివాడు. ఆ చోటికి ఆయన్ను వేసినందుకు పెద్ద సాబ్‌ను ఇప్పుడు కూడా తప్పుపట్టలేను. మా షెడ్డులో ఒక వారం ఉంచి తర్వాత వేసి ఉంటే ఎంత బాగుండేదో అని మాత్రం అనుకుంటాను.

బొగ్గు బస్సు

అవి పెద్ద యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు కట్టారు. కట్టెబొగ్గు మండించి ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. పొద్దున్నే పొయ్యి రాజేసి, చక్రం తిప్పి ఊది ఊది, పొగకు కళ్ళు మండి, ఎప్పటికో బస్సు కదిలేది. నవ్వుకోవడానికి బాగానే ఉండేది కానీ ఆ పొయ్యి బరువంతా వెనక కమాన్ల మీద పడింది. ఆ బరువు కోసం చేసిన కమాన్లు కావవి. కొత్త ఉక్కు వచ్చే దారి లేదు. కూర్చున్న కట్టలే మళ్ళీ మళ్ళీ మా దగ్గరికి వచ్చేవి.

దేవరకొండ బస్సు వెనక కట్ట అప్పటికే రెండుసార్లు కొలిమి చూసింది. ముందురోజు దాని బోల్టులు వదులైతే బిగించారు. ఆ పొద్దున ఉస్తాద్ బస్సు కిందికి వంగి చూసి, కట్ట చదునైపోయిందని, ఇక దీన్ని తీసేయాల్సిందేనని అనుకుంటూ కొలిమి దగ్గరికి వచ్చాడు. నేను ఆ రోజు అక్కడ లేను. కొలిమికి బొగ్గులు తేవడానికి బండి కట్టుకుని దేవరకొండ రోడ్డు మీదున్న బొగ్గుబట్టీకి పోయాను. జరిగింది తర్వాత ఉస్తాద్, నర్సింగం ఇద్దరి నోటా విన్నాను. ఇద్దరూ ఒకేలా చెప్పారు.

నర్సింగానికి ముందురోజు బిగించిన బోల్టుల సంగతి మనసులో ఉంది. కమాన్ తన చోట్లో సరిగ్గా అమరిందా అని తెలుసుకోవాలనుకున్నాడు. వాకిట్లో నిలబడి, సమ్మెట దెబ్బల చప్పుడు మీద గొంతెత్తి అడిగాడు.

“ఉస్తాద్, దేవరకొండ బండి ఎనుక కమాన్ కూసున్నదా?”

ఉస్తాద్ తల తిప్పకుండా జవాబు చెప్పాడు.

“ఆఁ, కూసున్నది.”

అంతే. ఇద్దరూ తమ తమ పనిలో పడ్డారు. ఉస్తాద్ మనసులో బండి గోడవారకు పోయింది. నర్సింగం మనసులో బండి తయారైంది.

ఆ పొద్దున దేవరకొండ బస్సు యూసుఫ్‌ది. ఎక్కబోతూ అన్న చూశాడా అని అడిగాడట. చూశాడు, పో అన్నాడట నర్సింగం. ఉస్తాద్ అన్న ఆ మాటనే నర్సింగం యథాతథంగా చెప్పి ఉంటే యూసుఫ్ బస్సు ఎక్కేవాడే కాదు. వాడు మా షెడ్డులో పెరిగినవాడు, ఆ మాటకు అర్థం వాడికి తెలుసు. ఇన్నేళ్ళుగా నన్ను పొడుచుకు తింటున్నది ఇదే. మాట తప్పుగా చేరిన మనిషి దగ్గరే ఆగిపోయింది, సరిగ్గా అర్థమయ్యే మనిషి దాకా రాలేదు.

చాయ్ వేళకు ఉస్తాద్ వాకిట్లోకి వచ్చి గోడవార చూశాడు. బండి లేదు. అడిగితే, ఎప్పుడో పోయిందన్నారు. పెద్ద సాబ్ కారు వేసుకుని సూర్యాపేట పోయి ఉన్నాడు. వేరే బస్సులన్నీ రోడ్ల మీద ఉన్నాయి. ఉస్తాద్ దేవరకొండ రోడ్డు పట్టి నడక మొదలుపెట్టాడు.

నేను బొగ్గుల బండితో తిరిగి వస్తుంటే ఎదురుగా ఆయన కనిపించాడు. కాళ్ళకు చెప్పులు లేవు, కొలిమి దగ్గర కట్టుకునే తోలు గుడ్డ ఒంటి మీద అలాగే ఉంది. ఏమైందని అడిగితే, “కూసున్న బండి పోయింది,” అన్నాడు. నేను ఎడ్లను వెనక్కి తిప్పి ఆయన్ను ఎక్కించుకున్నాను. కొంత దూరం పోయామో లేదో అటునుంచి సైకిలు మీద ఒకతను వస్తూ, బట్టీ అవతల వాగు దిగుడులో మోరీ దగ్గర బస్సు పడిందని చెప్పాడు. ఆ తర్వాత దారి అంతా ఉస్తాద్ బొగ్గుల సంచి అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఎడ్లను కొట్టమని కూడా అనలేదు.

బస్సు డ్రైవరు వైపు ఒరిగి మోరీ వంతెన పక్కన పడి ఉంది. జనం సీతాఫలం పొదల పక్కన కూర్చుని దెబ్బలు కడుక్కుంటున్నారు. ప్రాణం పోయింది యూసుఫ్ ఒక్కడిదే. ఎవరో తలపాగా విప్పి వాడి మీద కప్పారు. ఉస్తాద్ అది తీసి మొహం చూసి, మసి చేతులతో వాడి జుట్టు సరిచేశాడు. తర్వాత లేచి బస్సు వెనక్కి పోయి విరిగిన ఆకు మీద వేలు పెట్టి చూశాడు. నేనూ చూశాను. విరిగిన చోట సగం నల్లగా తుప్పు పట్టి ఉంది, సగం కొత్తగా మెరుస్తోంది. అంటే పగులు ఎప్పటిదో. సగం ఆకు మీద ఆ బరువంతా కొన్నాళ్ళుగా నడుస్తోంది. ఆకు విరగ్గానే ఇరుసు ఒక పక్క వెనక్కి జారి, బండి రోడ్డు దిగింది.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. కమాన్ కూర్చోవడం అంటే అది అలసిపోయానని మీకు చెప్పడం. ఆ మాట ఉస్తాద్ విన్నాడు. విన్న మాటను చెప్పాడు కూడా.

విచారణ

పెద్ద సాబ్ మా అందరినీ ఆఫీసు వరండాలో నిలబెట్టి అడిగాడు. నర్సింగం ఏమీ దాచలేదు. ఉస్తాద్‌ను అడిగానని, కూసున్నదని ఉస్తాద్ చెప్పాడని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయనకు అందులో తిరకాసు ఎక్కడుందో తెలియలేదు. పెద్ద సాబ్ ఉస్తాద్ వైపు తిరిగాడు. అలా అన్నావా అని ఉర్దూలో అడిగాడు.

“అన్న,” అన్నాడు ఉస్తాద్.

ఉండబట్టలేక నేనే కలగజేసుకుని మా షెడ్డులో ఆ మాటకు అర్థం వేరని చెప్పాను. పెద్ద సాబ్ మొదట అయోమయంగా చూశాడు. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. నర్సింగం నన్ను చూసి, ఉస్తాద్‌ను చూసి, అక్కడే వరండా స్తంభానికి ఆనుకుని కిందికి జారిపోయాడు. పెద్దగా ఏడ్చాడు. మగవాళ్ళు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఎవరికీ శిక్ష పడలేదు. ఎవరి మీద వేస్తారు? నిజానికి ఎవరికైనా శిక్ష పడి ఉంటే మా అందరికీ కొంత తేలిక అయ్యేదేమో. ఉస్తాద్ తిట్టి ఉన్నా నర్సింగం తట్టుకునేవాడు. ఆయన తిట్టలేదు.

ఆగిపోయిన మాట

ఉస్తాద్ మళ్ళీ పనిలోకి వచ్చాడు. చెయ్యి మునుపటిలాగే ఆడేది. కానీ ‘కూసున్నది’ అన్న మాట ఆయన నోట రావడం ఆగిపోయింది. కట్ట చదునైతే, “గీ కమాన్ అణిగింది, బండికి ఎక్కియ్యద్దు, పక్కన వెట్టుండ్రి,” అని అంత పొడుగు మాటా చెప్పి, విన్నవాడి చేత ఒకసారి అనిపించేవాడు. మా షెడ్డులో ఆ పద్ధతి అలా మొదలైంది. నా చేతి కింద పనిచేసినవాళ్ళకు నేను నేర్పింది అదే.

అది పని వరకే ఉంటే సరిపోయేది. ఇంటికి ఎవరైనా వస్తే కూసో అనడం కూడా మానేశాడు. చేత్తో అరుగు తట్టి చూపించేవాడు. పిల్లల్ని పక్కకు పిలవాలన్నా అంతే. సబర్ అన్న మాట కూడా నేను మళ్ళీ వినలేదు. చాయ్ వేళ షెడ్డు నిశ్శబ్దంగా ఉండేది.

నర్సింగం రోజూ పొద్దున్నే మా షెడ్డుకు వచ్చేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ప్రతి బస్సు కిందికి తనే వెల్లకిలా దూరి ఒక్కో ఆకును చేత్తో తడిమి చూసి బయటికి వచ్చేవాడు. బట్టలన్నీ మసి. ఆయనా ఉస్తాద్ ఏళ్ళ తరబడి ఒకే వాకిట్లో ఎదురెదురుగా పనిచేశారు, ఒక్క మాట లేకుండా. పగ అని బయటివాళ్ళు అనుకున్నారు. పగ కాదది. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

గడప

తర్వాత పోలీసు చర్య వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. అంతకుముందు రెండేళ్ళుగా ఊళ్ళల్లో జరిగిన ఘోరాలకు బదులు తీర్చుకోవాలని కొందరు బయలుదేరారు. ఆ బదులు ఎవరి మీద పడుతుందో వాళ్ళు చూసుకోలేదు. ఉస్తాద్ ఉన్న వాడలో తలుపులన్నీ మూతబడ్డాయి. ఉస్తాద్ ఎవరి జోలికీ పోయినవాడు కాదు. ఆ రోజుల్లో అది ఎవరికి పట్టింది?

నేను ఆ సంగతి తెలిసి పరుగెత్తుకుని పోయేసరికి ఉస్తాద్ ఇంటి గడప మీద నర్సింగం కూర్చుని ఉన్నాడు. చేతిలో కర్ర లేదు, కత్తి లేదు. ఊరికే కూర్చున్నాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి, పెద్ద కుటుంబం వాడు. గుంపు ఒకటి సందు మలుపు దాకా వచ్చి ఆయన్ను చూసి లేవమంది. ఆయన లేవలేదు. వాళ్ళు కాసేపు కేకలు వేసి పోయారు. అలా ఆ గొడవ సద్దుమణిగేదాకా ఆయన ఆ గడప వదలలేదు. లోపలి నుంచి ఉస్తాద్ భార్య తలుపు సందులోంచి రొట్టె అందిస్తే అక్కడే తిన్నాడు.

ఉస్తాద్ ఇక నల్లగొండలో ఉండలేనన్నాడు. పాలమూరు జిల్లా కోస్గిలో ఆయన అక్క ఉండేది. అక్కడికి పోవడానికి నేనూ నర్సింగం ఒక లారీ మాట్లాడాం. సామాను ఎక్కించాక నర్సింగం లారీ వెనక చక్రం దగ్గర వంగి, అలవాటుగా కమాన్ తడిమి చూశాడు. లేచి చేతులు దులుపుకుంటూ ఉస్తాద్ ముందు నిలబడ్డాడు.

“ఉస్తాద్, ఆ పొద్దు నేను ఇంకోసారి అడిగితే అయిపోతుండె,” అన్నాడు.

“నేను ఇంకో మాట చెప్తే అయిపోతుండె నర్సింగం,” అన్నాడు ఉస్తాద్.

ఇద్దరూ ఒకరినొకరు హత్తుకుని అలాయిబలాయి చేసుకున్నారు. అన్నేళ్ళలో వాళ్ళ మధ్య నడిచిన మాటలు అవే. నర్సింగం తర్వాత ఎక్కువకాలం బతకలేదు.

కోస్గి

నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైనప్పుడు లారీల కమాన్లు చూడటానికి నన్ను తీసుకున్నారు. రాళ్ళ లారీలు, మట్టి లారీలు, ఎప్పుడు చూసినా మోయలేనంత బరువు. నా మొదటి పని అక్కడొక శికంజా చేయించడం. అది బిగిస్తుండగా ఉస్తాద్ గుర్తొచ్చి, సెలవు పెట్టి కోస్గి పోయాను. ఆయన్ను చూడక అప్పటికి ఏళ్ళు గడిచాయి.

సంత రోజు. ఉస్తాద్ అక్క ఇంటి ముందు నులక మంచం మీద ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. సమ్మెట ఎత్తిన భుజాలు ముందుకు వాలిపోయాయి. నన్ను గుర్తుపట్టి మొహం విప్పారింది. అలవాటు ప్రకారం మాట అనకుండా మంచం తట్టి పక్కన చోటు చూపించాడు. నందికొండ గురించి, శికంజా గురించి చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. శికంజా మర ఎంత లావు అని అడిగాడు, అంతే. లోపల ఆయన అక్క, భార్య పొయ్యి మీద ఏదో వండుతున్నారు. సంతకు పోయేవాళ్ళు కొందరు ఆయనకు సలాం చెబుతూ పోతున్నారు. ఆ ఊళ్ళో మంచి పేరుతోనే ఉన్నాడని నాకు తృప్తిగా అనిపించింది.

“ఎట్లున్నరు ఉస్తాద్?” అని అడిగాను.

ఆయన సంత దారి వైపు చూశాడు.

“కూసున్న బిడ్డా.”

యూసుఫ్ పోయాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నీడపట్టున ఇల్లు, అయినవాళ్ళ చేతి తిండి, సలాం చెప్పే ఊరు. ఒక చోట కుదురుకున్నానని అన్నాడేమో అనుకోవడానికి అన్నీ ఉన్నాయి. అలా అనుకుని లేచి రావచ్చు. కానీ సగం మాట పట్టుకుని వెళ్ళిపోకూడదని నేర్చుకున్నది ఆయన ఇంటి శవం ముందు.

“ఏ షెడ్డు మాట ఉస్తాద్?” అని అడిగాను.

ఆయన నా వైపు తిరిగి సన్నగా నవ్వాడు. బాగా అడిగావన్నట్టు తల ఊపాడు.

“మన షెడ్డుదే,” అన్నాడు.

మంచం మీద ఉన్న ఆయన చెయ్యి అందుకున్నాను. అంత ఎండపొద్దులో కూడా చల్లగా ఉంది. దాన్ని నా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని బస్సు వేళ దాకా అలాగే ఉన్నాను.